పోర్టల్ వెయిన్‌లో గాలి: ఈ చేతి ప్రోబ్‌కి దొరుకుతుందా?

నమస్కారం అండి. గుంటూరు కొత్తపేటలో మా స్కానింగ్ రూమ్ నుంచే మాట్లాడుతున్నా. ఇప్పుడే కరెంటు పోయింది, జనరేటర్ మోత కొంచెం భరించండి.

ఫోన్‌కి తగిలించే ఈ చిన్న అల్ట్రాసౌండ్ ప్రోబ్‌ని మూడు నెలలుగా వాడుతున్నా. బ్రాండ్ పేరు చెప్పను. కిడ్నీలో రాళ్లు, పొట్టలో నీరు బాగానే చూపిస్తోంది. ఇవాళ నేను చెప్పేది పోర్టల్ వెయిన్‌లో, అంటే పేగుల నుంచి లివర్‌కి రక్తం తీసుకెళ్లే సిరలో, గాలి గురించి.

మొన్న ఒక పెద్దాయన వచ్చారు. షుగర్ ఉంది, రాత్రి నుంచి కడుపునొప్పి. నొక్కి చూస్తే పొట్ట మెత్తగానే ఉంది, ఆయనేమో మెలికలు తిరిగిపోతున్నారు. పక్కటెముకల మధ్య ఈ ప్రోబ్ పెట్టా. పెద్దాయన వాళ్లను అడిగే చూపిస్తున్నా, ఇదిగో క్లిప్. నల్లగా ఉండాల్సిన పోర్టల్ వెయిన్‌లో తెల్లటి చుక్కలు లివర్ వైపు పరిగెడుతున్నాయి చూడండి, అప్పుడే కొట్టిన గోలీసోడాలో బుడగల్లా! ఫ్రీజ్ చేస్తే అవి గాలో, మామూలు మచ్చలో తేల్చలేం. అందుకే ఫొటోతో సరిపెట్టకండి, వీడియో తీయండి.

ఇక్కడిదాకా ఫుల్ మార్కులే. ఖాయం చేసుకోవాలంటే పల్స్‌డ్ డాప్లర్ కావాలి, అంటే ఒక్క చోట రక్తం పారే తీరుని గ్రాఫ్‌గా, సౌండ్‌గా ఇచ్చేది. ఈ మోడల్‌లో కలర్ డాప్లర్ ఒక్కటే ఇచ్చారు. ట్రాలీ మెషీన్ లాక్కొచ్చి, అదే వెయిన్ మీద గేట్ (ఎక్కడ వినాలో చూపే గుర్తు) పెట్టి, సౌండ్ పెంచా. వినండి... పోపులో ఆవాలు చిటపటలాడినట్టు లేదూ? నిదానంగా సాగే గ్రాఫ్ మీద పైకీ కిందికీ ముళ్లు కూడా వచ్చాయి, బుడగ దాటినప్పుడల్లా ఒకటి. మనలో చాలామంది స్పీకర్ మ్యూట్‌లోనే పెడతాం. నేనూ అంతే, ఆ రోజు దాకా.

పిత్తనాళాల్లో గాలి అనుకుని పొరబడొద్దు. అది లివర్ మధ్యలో ఉంటుంది. ఇది రక్తంతో పాటు కొట్టుకుపోయి అంచుల దాకా, పైపొరకి 2 సెంటీమీటర్ల దగ్గరికి చేరుతుంది.

1955లో దీన్ని మొదట పసిపిల్లల ఎక్స్‌రేల్లో గుర్తించారు. 1978లో 64 కేసులు లెక్కవేస్తే 75 శాతం మంది చనిపోయారు. ఇప్పుడు స్కాన్‌లు పెరిగి, ఎండోస్కోపీ తర్వాత వచ్చి దానంతటదే పోయే గాలి కూడా కనిపిస్తోంది. కాబట్టి చూడగానే హడలిపోనక్కర్లేదు, అలాగని వదిలేయడానికీ లేదు. ఈ గాలి పేగుకి రక్తం అందకే వచ్చిందా అన్నది తేలాలంటే సీటీ స్కాన్ చేయాల్సిందే. పెద్దాయనకి అందట్లేదనే తేలింది. ఆ సాయంత్రమే ఆపరేషన్‌కి తీసుకెళ్లారు.

కొనాలా అంటే, రెండో మెషీన్‌గా అయితే కొనుక్కోండి. చిన్నదే కదా అని రిజిస్ట్రేషన్ మానేయకండి, కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పకూడదనే పీసీపీఎన్‌డీటీ చట్టం దీనికీ వర్తిస్తుంది. ఇంకోటి, గంట వాడేసరికి వేడెక్కి ఆగిపోతోంది. మన గుంటూరు మే నెలలో ఏం చేస్తుందో చూడాలి.