విదేశంలో ధర్నాకు వెళ్తే వీసా ఏమవుతుంది?

[తెరపై: యూఏఈ మ్యాప్. కింద "2024 జులై"]

బంగ్లాదేశ్‌లో రిజర్వేషన్ల గొడవ ముదిరిన రోజులవి. యూఏఈలో పనిచేసుకుంటున్న బంగ్లాదేశీయులు కొందరు వీధుల్లోకి వచ్చి నినాదాలు చేశారు. వాళ్ల కోపం యూఏఈ మీద కాదు, సొంత దేశంలోని సర్కారు మీద. అయినా రోజుల్లోనే విచారణ ముగించి అబుదాబి కోర్టు 57 మందికి శిక్షలు వేసింది. ముగ్గురికి యావజ్జీవం, 53 మందికి పదేళ్లు, ఒకరికి పదకొండేళ్లు. వీడియోలు తీసి ఆన్‌లైన్‌లో పెట్టడం కూడా ఆరోపణల్లో ఉంది.

ఈలోగా ఢాకాలో ప్రభుత్వమే మారిపోయింది. సెప్టెంబరులో యూఏఈ అధ్యక్షుడు క్షమాభిక్ష పెట్టాడు. జైలు తప్పింది కానీ యూఏఈలో ఉండనివ్వలేదు, అందరినీ వెనక్కి పంపేశారు. అలా కలిసొచ్చే అదృష్టం కూడా ప్రతివాళ్లకీ ఉండదు.

"అది గల్ఫ్ కదా, మేముండేది ప్రజాస్వామ్య దేశం" అని మీరు అనుకుంటూ ఉంటే, అసలు విషయం ఇక్కడే మొదలవుతుంది.

[తెరపై: పక్కపక్కనే రెండు ఫైళ్లు. ఒకదాని మీద "పోలీసు", ఇంకోదాని మీద "ఇమిగ్రేషన్"]

విదేశంలో ఉండేవాళ్ల మీద ఒకేసారి రెండు చట్టాలు పనిచేస్తాయి. మొదటిది క్రిమినల్ చట్టం. అందులో ఆరోపణ ఉండాలి, సాక్ష్యం ఉండాలి, జడ్జి నమ్మాలి. రెండోది ఇమిగ్రేషన్ చట్టం. అక్కడ చాలాసార్లు నేరం రుజువు కానక్కర్లేదు. మీరు ఇంకా ఇక్కడ ఉండాలా వద్దా అన్నదే ప్రశ్న, జవాబు చెప్పేది ఒక అధికారి. మొదటి ఫైల్ శుభ్రంగా ఉన్నా రెండోది మిమ్మల్ని విమానం ఎక్కించగలదు.

అమెరికానే చూడండి. తమ దేశంలో నివసించే విదేశీయులకు కూడా వాక్ స్వాతంత్య్రం ఉంటుందని అక్కడి సుప్రీంకోర్టు 1945లోనే చెప్పింది. 2025 మార్చిలో మహమూద్ ఖలీల్‌ను అరెస్టు చేశారు. కొలంబియా యూనివర్సిటీలో పాలస్తీనా అనుకూల నిరసనల్లో ముందుండి మాట్లాడిన వ్యక్తి. గ్రీన్ కార్డు ఉంది, భార్య అమెరికా పౌరురాలు, ఆయన మీద క్రిమినల్ కేసు ఒక్కటీ లేదు. మరి ఏ ఆధారంతో పట్టుకున్నారు? ఒక విదేశీయుడు దేశంలో ఉండటం విదేశాంగ విధానానికి తీవ్రంగా నష్టమని విదేశాంగ మంత్రి భావిస్తే పంపించవచ్చనే క్లాజు ఒకటి ఇమిగ్రేషన్ చట్టంలో ఉంది. దాన్ని బయటికి తీశారు. జూన్‌లో ఫెడరల్ జడ్జి విడుదల చేయమనేదాకా ఆయన లూసియానాలోని నిర్బంధ కేంద్రంలోనే ఉన్నాడు. ఈ మధ్యలో మొదటి బిడ్డ పుట్టాడు, ఆ సమయంలో పక్కన ఉండలేకపోయాడు. ఖలీల్‌ను పట్టుకున్న మార్చి నెలలోనే టర్కీకి చెందిన ఒక పీహెచ్‌డీ విద్యార్థినినీ పట్టుకున్నారు. ఆమె చేసిందల్లా తన యూనివర్సిటీ పత్రికలో మరికొందరితో కలిసి ఒక వ్యాసం రాయడం. ఆమె కూడా వారాల తరబడి నిర్బంధంలో ఉంది.

హక్కు ఉండటం వేరు, ఆ హక్కు కోర్టులో నిలబడేదాకా బయట ఉండగలగడం వేరు. నా దృష్టిలో అతి పెద్ద రిస్క్ ఆ మధ్య కాలమే.

మన దేశానికి వచ్చే విదేశీయుల పరిస్థితి కూడా చూద్దాం. సభలు జరుపుకునే హక్కు ఇచ్చే 19వ అధికరణ పౌరులకు మాత్రమే. 21వ అధికరణ ఇచ్చే జీవించే హక్కు, స్వేచ్ఛ మాత్రం అందరివీ. పౌరసత్వ సవరణ చట్టంపై నిరసనల సమయంలో, 2019 డిసెంబరులో, ఐఐటీ మద్రాస్‌లోని జర్మన్ విద్యార్థి ఒకరు దేశం వదిలి వెళ్లాల్సి వచ్చింది. కోల్‌కతాలో జాదవ్‌పూర్ యూనివర్సిటీలో చదివే పోలండ్ విద్యార్థికీ దేశం విడిచి వెళ్లమని నోటీసు వచ్చింది. అతను హైకోర్టుకు వెళ్లాడు, 2020 మార్చిలో కోర్టు ఆ నోటీసును కొట్టేసింది. ఒకే రకం వివాదం, రెండు ముగింపులు.

[తెరపై: సింగపూర్, మెక్సికో, జర్మనీ జెండాలు వరసగా]

కొన్ని దేశాలు ముందే గీత గీసి పెడతాయి. సింగపూర్‌లో హాంగ్ లిమ్ పార్కులోని స్పీకర్స్ కార్నర్‌లో పర్మిట్ లేకుండా పౌరులు నిరసన సభ పెట్టుకోవచ్చు, శాశ్వత నివాసులు అందులో పాల్గొనవచ్చు. మిగతా విదేశీయులు పాల్గొనాలంటే పర్మిట్ కావాలి. మెక్సికో రాజ్యాంగం 33వ అధికరణ విదేశీయులు దేశ రాజకీయాల్లో ఏ రకంగానూ జోక్యం చేసుకోకూడదని సూటిగా చెబుతుంది. జర్మనీలో రాజ్యాంగం సభా హక్కును "జర్మన్లందరికీ" అని రాసింది. మామూలు చట్టం దాన్ని అందరికీ ఇచ్చింది, కానీ విదేశీయుల రాజకీయ కార్యకలాపాలను పరిమితం చేసే అధికారం నివాస చట్టంలో విడిగా ఉంది.

సరే, అయినా వెళ్లాలనుకున్నారు. వెళ్లొద్దని చెప్పడానికి నేనెవరిని? కాకపోతే మీ వీసా షరతులు, ఆ సభకు అనుమతి ఉందా లేదా అనేది ముందే చూసుకోండి. వీసా మీ ఒక్కరిదేనా, మీ మీద ఆధారపడి వచ్చిన భార్యాపిల్లలదీ అదేనా? మీది రద్దయితే సాధారణంగా వాళ్లదీ పోతుంది. ఈ లెక్క చాలామంది వేసుకోరు.

పోలీసులు చెదిరిపొమ్మంటే వెంటనే కదలండి. రోడ్డుకు అడ్డంగా కూర్చోవడం స్థానికులకు జరిమానాతో పోవచ్చు, మీకు అదే దేశం దాటించే కారణం కావచ్చు. ఊరికే చూడటానికి నిలబడ్డా గుంపుతో పాటు లాగేస్తారు, అప్పుడు మీరు ప్రేక్షకులని నిరూపించుకోవాల్సింది మీరే.

పట్టుకుంటే లాయరు కావాలని అడగండి, మీ దేశపు కాన్సులేట్‌కు చెప్పమని అడగండి. 1963 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం ఆ దేశం మీ కాన్సులేట్‌కు కబురు పంపాలి, మీరు కోరితే. కాన్సులేట్ వాళ్లొచ్చి విడిపించేస్తారని మాత్రం అనుకోకండి. లాయర్ల జాబితా ఇస్తారు, ఇంట్లోవాళ్లకు చెబుతారు, వచ్చి చూస్తారు, అంతవరకే. లాయరు నంబరు ఫోన్లో కాకుండా కాగితం మీద ఉంచుకోండి, ఎందుకంటే ముందు లాక్కునేది ఫోనే.

అన్నిటికన్నా ప్రమాదం సంతకంతో. అర్థం కాని భాషలో కాగితం పెట్టి, "సంతకం పెడితే ఇంటికి వెళ్లిపోవచ్చు" అంటారు. నిజంగానే ఇంటికే పంపిస్తారు, స్వదేశంలోని ఇంటికి. స్వచ్ఛందంగా దేశం వదులుతున్నానని, అప్పీలు చేసుకోనని అందులో ఉండొచ్చు. అనువాదకుడు, లాయరు వచ్చేదాకా ఆగండి.

కేసు కొట్టేశారు, అంతా అయిపోయింది అనుకుంటాం. కానీ అమెరికా వీసా ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా అనే ప్రశ్న ఉంటుంది, శిక్ష పడిందా అని మాత్రమే కాదు. చాలా దేశాల ఫారాల్లోనూ ఇలాంటి ప్రశ్న ఉంటుంది. లేదని రాసి దొరికితే, అసలు అరెస్టు కన్నా ఆ అబద్ధమే పెద్ద సమస్య. అందుకే కేసు మూసేసినట్టు కోర్టు ఇచ్చిన కాగితం సర్టిఫైడ్ కాపీ తీసుకుని దాచుకోండి. దేశం మారాక దాన్ని మళ్లీ సంపాదించడం పెద్ద పని.