తూము బయట, గంగాళం లోపల

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా పాలకొల్లులో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

బస్టాండు దగ్గర నా జిరాక్స్ షాపు మీలో చాలామందికి తెలుసు. ఇరవై రెండేళ్లుగా అదే నా పని. జిరాక్సులు, డీటీపీ, ఆన్‌లైన్ అప్లికేషన్లు, పెళ్లి శుభలేఖలు. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసినవాణ్ని కాను. కాకపోతే ఈ ఊళ్లో మనుషులకీ కంప్యూటరుకీ మధ్యన పొద్దున్నుంచి రాత్రి దాకా కూర్చునేవాణ్ని. అక్కడ నేను చూసిందీ, చూశాక చదివి తెలుసుకున్నదీ మీతో పంచుకోవాలని వచ్చాను.

మొన్న శ్రావణమాసంలో ఒక రాత్రి, షాపు కట్టేసేముందు కంప్యూటరు బాగా స్లో అయిపోయిందని డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచాను. నాలుగు వేల పైచిలుకు ఫైళ్లున్నాయి. కిందికి జరుపుతూ పోయాను. ఆధార్ కార్డులు, పట్టాదారు పాసుపుస్తకాలు, బ్యాంకు పాసుబుక్కు మొదటి పేజీలు, ఒక పెద్దాయన గుండె ఆపరేషన్ రిపోర్టు, ఒక అమ్మాయికొచ్చిన విడాకుల నోటీసు. అన్నీ "అన్నా, ప్రింట్ తీసి ఉంచు, వస్తున్నా" అని వాట్సాప్‌లో పంపినవే. వచ్చి ప్రింటు పట్టుకెళ్లారు, ఫైలు నా దగ్గర ఉండిపోయింది.

నిజం చెప్తున్నాను, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా షాపులో పనిచేసే కుర్రాళ్లు ఆర్నెల్లకొకరు మారతారు. కంప్యూటరు రిపేరుకిస్తే హార్డ్ డిస్కు రెండ్రోజులు వేరేవాళ్ల బల్ల మీద ఉంటుంది. ఆ నోటీసు సంగతి ఆ అమ్మాయి తన తండ్రికి కూడా చెప్పుకుని ఉండకపోవచ్చు. అది నా కంప్యూటర్లో, ఎవరో పంపిన శుభలేఖ పక్కన పడి ఉంది.

వాట్సాప్‌లో పంపింది భద్రమే కదా అని మీరు అడగొచ్చు. 2016 నుంచి అందులో మెసేజ్‌లన్నీ పంపినవాళ్లకీ అందుకున్నవాళ్లకీ తప్ప ఎవరికీ అర్థం కాకుండా తాళం పడే వెళ్తున్నాయి. మంచి తాళమే. అయితే ఆ తాళం తెరుచుకునేది ఎక్కడ? నా షాపులో. దారిలో ఎంత భద్రంగా వచ్చినా చివర నా డౌన్‌లోడ్స్‌లో పడుతోంది.

మనం డెల్టా వాళ్లం. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచీ మన బతుకులు కాలువ మీదే. కాలువ దగ్గర మనకొక పద్ధతుంది. తూము ఎంత ఎత్తారో గట్టు మీద నిలబడ్డ ఎవరైనా చూడొచ్చు. కాలువ చూసుకునే లస్కరు తలుపు దించేస్తే, ఎందుకు దించావయ్యా అని శివారు రైతు వచ్చి నిలదీయొచ్చు. నీళ్లు అందరివీ కాబట్టి తూము అందరికీ కనపడాలి. అదే రైతు ఇంట్లో గంగాళంలో ఎన్ని నీళ్లున్నాయి, ఎవరు ఎన్ని చెంబులు పోసుకున్నారు అని అడిగే హక్కు మాత్రం ఎవరికీ లేదు. ఇప్పుడు ఫోన్లలో, కంప్యూటర్లలో ఇది తలకిందులైంది. కోట్ల మంది మీద పనిచేసే ప్రోగ్రాముల లోపల ఏముందో మనకి చూపించరు. మన గంగాళం మాత్రం వాళ్లకి అడుగుదాకా కనపడుతుంది. ప్రోగ్రాము లోపలి రాత అందరికీ తెరిచి పెట్టే ఓపెన్ సోర్స్ గురించి ఒక వార్త, ప్రైవసీ గురించి ఇంకో వార్త పేపర్లో వేర్వేరుగా వస్తుంటాయి. నాకు ఆ రెండూ ఒకే తగాదాలా కనిపిస్తాయి.

ఓపెన్ సోర్స్ ఆలోచన మొదలైన కథలో ఒక ప్రింటరుంది. నా పనికి దగ్గరది కాబట్టి నాకు ఇష్టమైన కథ. 1980 ప్రాంతంలో అమెరికాలో ఎంఐటీ అనే యూనివర్సిటీలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామర్ పనిచేసేవాడు. వాళ్ల ల్యాబుకి జిరాక్స్ కంపెనీ ఒక లేజర్ ప్రింటరు ఇచ్చింది. అందులో మాటిమాటికీ కాగితం ఇరుక్కునేది. ప్రింటరు వేరే అంతస్తులో ఉండేది. పేపర్ జామ్ అయితే అందరికీ మెసేజ్ వచ్చేలా ప్రోగ్రాములో చిన్న మార్పు చేద్దామనుకున్నాడు. అంతకుముందున్న ప్రింటరుకి అలా చేశాడు కూడా. ఈసారి ప్రోగ్రాము అసలు రాత, అంటే సోర్స్ కోడ్, ఇవ్వలేదు. అది ఉన్న ఒకాయన దగ్గరికి వెళ్లి అడిగితే, ఎవరికీ ఇవ్వనని కంపెనీకి సంతకం పెట్టానన్నాడు. మన ముందున్న మిషన్‌ని మనం బాగుచేసుకోకూడదా అన్న బాధలోంచే 1983లో స్టాల్‌మన్, ఎవరైనా చూసి మార్చుకోగలిగే సాఫ్ట్‌వేర్ తయారుచేద్దామని గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. 1991లో లినస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల ఫిన్లాండ్ విద్యార్థి, కంప్యూటరుని నడిపే మూల ప్రోగ్రాము లినక్స్ మొదలుపెట్టాడు. మీ జేబులో ఆండ్రాయిడ్ ఫోనుంటే దాని అడుగున ఉన్నది ఆ లినక్సే.

ఆ బాధ నాకూ తెలుసు. 2009లో ఇక్కడికి దగ్గర్లోనే ఒక ఊరి గుడి చరిత్ర 180 పేజీల పుస్తకంగా టైప్ చేసి ఇచ్చాను. రాసింది రిటైరైన తెలుగు మాస్టారు. ఎనిమిదేళ్లు ఊరూరా తిరిగి శాసనాలు, దస్తావేజులు చూసి రాశారు. ఆయన పోయాక వాళ్లబ్బాయి మళ్లీ అచ్చు వేయిద్దామని వచ్చాడు. ఫైలు నా దగ్గర భద్రంగా ఉంది, తెరుచుకోదు. ఆ సాఫ్ట్‌వేర్ పనిచేయాలంటే పాత కంప్యూటర్ల వెనక ప్రింటర్ పోర్టులో ఒక చిన్న తాళం గుచ్చాలి. కొత్త కంప్యూటర్లకి ఆ పోర్టే లేదు. ఆ వెర్షన్ అమ్మడం ఆపేశామని కంపెనీ చెప్పింది. ఎలాగో అక్షరాలు బయటికి లాగితే, ఆ ఫాంటు యూనికోడ్, అంటే అన్ని కంప్యూటర్లకీ ఒకేలా అర్థమయ్యే అక్షరాల పద్ధతి, కాకపోవడం వల్ల తెలుగంతా ఇంగ్లీషు అక్షరాల గజిబిజిగా వచ్చింది. చివరికి పుస్తకం ముందు పెట్టుకుని 180 పేజీలూ మళ్లీ కొట్టాం. ఎనిమిదేళ్ల కష్టం మాస్టారిది, ఫైలు నాది, తాళం మాత్రం ఎవరి చేతిలోనో ఉంది.

మన అక్షరాల సంగతి వచ్చింది కాబట్టి ఇంకోటి చెప్పాలి. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ప్రపంచమంతా వార్తల్లోకెక్కింది. 'జ్ఞా'. జ్ఞానంలో మొదటి అక్షరం. జ్ఞ వత్తుకీ దీర్ఘానికీ మధ్య కంటికి కనపడని ఒక గుర్తు చేరిన రూపంలో ఆ అక్షరం మెసేజ్‌గా వస్తే ఐఫోన్లో ఆ యాప్ టక్కున మూసుకుపోయేది, మళ్లీ తెరవబోతే మళ్లీ మూసుకుపోయేది. 'తెలుగు బగ్' అన్నారు దాన్ని. తప్పు తెలుగుది కాదు. అక్షరాల్ని కలిపి స్క్రీన్ మీద గీసే యాపిల్ కంపెనీ ప్రోగ్రాముది. యాపిల్ కొన్ని రోజుల్లోనే సరిచేసింది, కాదనను. కానీ ఆ రోజుల్లో తొమ్మిది కోట్ల మంది అక్షరం గురించి మనం చేయగలిగింది ఎదురుచూడ్డమే. ఆ ప్రోగ్రాము తెరిచి చూసే వీలు మనకి లేదు.

అదే పనిచేసే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాము ఇంకోటి ఉంది, హార్ఫ్‌బజ్. పర్షియన్‌లో 'తెరిచిన అక్షరం' అనే అర్థంలో పెట్టిన పేరు. ఆండ్రాయిడ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో, లిబ్రెఆఫీస్‌లో మన వత్తులూ గుణింతాలూ సరిగ్గా కూర్చుంటున్నాయంటే దాని చలవే. అందులో 'క్ష్మి' తప్పుగా వస్తోందని మీరు గమనిస్తే, ఇక్కడ పాలకొల్లులో కూర్చుని దాని రాత చూడొచ్చు, తప్పు చూపించొచ్చు, దిద్ది పంపొచ్చు. ఇంజనీరింగ్ చదివే పిల్లలు వెనక బెంచీల్లో కనపడుతున్నారు. మీకు తెలుగు వచ్చు, ప్రోగ్రామింగ్ వచ్చు. ఈ రెండూ కలిసి వచ్చినవాళ్లు ప్రపంచంలో ఎక్కువమంది లేరు, బాబూ. తెలుగు వికీపీడియా 2003 డిసెంబర్లో మొదలైంది. అదీ ఓపెన్ సోర్స్ మీదే నడుస్తోంది. మీ ఊరి పేజీ ఒకసారి తెరిచి చూడండి, ఎంత ఖాళీగా ఉందో.

తెరిచి ఉంటే అంతా భద్రమే అని నేను అనను. గట్టు మీద ఎవరూ లేని రాత్రి తూముకి గండి కొట్టేవాళ్లూ ఉంటారు. 2024లో అదే జరిగింది. ఎక్స్‌జెడ్ అని ఫైళ్లని కుదించే చిన్న ప్రోగ్రాము. దాన్ని ఏళ్ల తరబడి జీతం లేకుండా చూసుకుంటున్నది ఫిన్లాండ్‌లో ఒక్క మనిషి. అలిసిపోయాడు, ఆరోగ్యం బాగోలేదు, అయినా పని ఆలస్యమవుతోందని అడిగేవాళ్లు అడుగుతూనే ఉన్నారు. ఆ సమయంలో జియా టాన్ అనే పేరుతో ఒకరు సాయం చేస్తానని వచ్చి, రెండేళ్లకి పైగా బుద్ధిగా పనిచేసి, నమ్మకం సంపాదించి, చివరికి అందులో దొంగదారి పెట్టారు. అది నిలబడి ఉంటే లెక్కలేనన్ని సర్వర్లలోకి వాళ్లు తాళం లేకుండా దూరిపోయేవారు.

అది ఎలా బయటపడిందో వినండి. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు వేరే పని చేసుకుంటుంటే, సర్వర్‌లోకి లాగిన్ అవడానికి మామూలు కంటే అర సెకను ఎక్కువ పడుతోందనిపించింది. అర సెకను! మనం రెప్ప వేసి తెరిచేంత. ఆయన వదల్లేదు. తవ్వుకుంటూ పోయి దొంగదారి దగ్గరికి చేరాడు, మార్చి 29న లోకానికి చెప్పాడు. ఫెడోరా, డెబియన్ లాంటి లినక్స్ రకాల పరీక్ష వెర్షన్లలోకి వచ్చింది, ఎక్కువమంది వాడేవాటిలోకి రాకముందే ఆగింది. రాత తెరిచి ఉండబట్టే ఆయన తవ్వగలిగాడు. ఆ ఫిన్లాండ్ మనిషిని అంత ఒంటరిగా వదిలేసింది మాత్రం ఆ ప్రోగ్రాము మీద కోట్లు సంపాదించే కంపెనీలన్నీ. కాలువలో పూడిక తీయడానికి నీళ్లు వాడుకునే అందరం నీటితీరువా కడుతున్నాం కదా. సాఫ్ట్‌వేర్‌లోనూ అలాంటి ఏర్పాటు ఉండాల్సిందే అని నా గట్టి అభిప్రాయం.

ఇప్పుడు గంగాళం సంగతి. "నాకు దాచుకోవడానికి ఏముంది?" ఈ మాట షాపులో రోజూ వింటాను. భీమవరం వైపు చెరువులున్న రైతులెవరైనా ఉంటే మీరే చెప్పండి. వనామీ రొయ్యల చెరువులో వైట్ స్పాట్ జబ్బు తగిలిందని తెలిసిన రాత్రి మీరేం చేస్తారు? ఎవరికీ చెప్పరు. మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రేలో మేత మిగిలిపోయిందని కూలీ పసిగట్టేలోపే పట్టుబడికి మనుషుల్ని మాట్లాడతారు. సంగతి బయటికి పొక్కితే తెల్లారేసరికి రేటు కోసేస్తారని మీకు తెలుసు. అది మోసం కాదు, మీ బేరం మీరు కాపాడుకోవడం. రేపు అదే చెరువులో ఆక్సిజన్, మేత లెక్క, చచ్చిన రొయ్యల లెక్క మీరు రోజూ ఒక యాప్‌లో ఎక్కిస్తే, ఆ యాప్ నడిపేవాళ్లకి మీ రొయ్య కొనేవాళ్లతో సంబంధం ఉంటే, మీకంటే ముందే మీ కష్టం అవతలివాడికి తెలుస్తుంది. యాప్ వాడొద్దని అనడం లేదు, లెక్క మంచిదే. ఆ లెక్క ఎవరెవరికి వెళ్తోందో రాతపూర్వకంగా అడగండి.

పల్లెటూళ్లో అందరి సంగతులూ అందరికీ తెలుసు కదా అని కూడా అంటారు. తెలుసు. కానీ మీ గురించి ఎవరికి తెలుసో మీకూ తెలుసు, వాళ్ల గురించి మీకూ తెలుసు. ఫోనులోంచి మిమ్మల్ని చూసేవాడి పేరు కూడా మీకు తెలీదు.

లోన్ యాప్‌ల సంగతి నేను విడమరిచి చెప్పక్కర్లేదు. కాంటాక్ట్‌లు తీసుకుని, వాయిదా ఆలస్యమైతే అత్తగారికీ, ఆఫీసులో పైవాళ్లకీ ఫోన్లు చేసి పరువు తీశారు. ప్రాణాలు పోయాయి. 2022 సెప్టెంబర్లో రిజర్వ్ బ్యాంకు, అప్పులిచ్చే యాప్‌లు కాంటాక్ట్‌లు, ఫోటోలు, కాల్ లిస్టు ముట్టుకోకూడదని చెప్పింది. ఏ లోన్ యాప్ అయినా ఇప్పటికీ కాంటాక్ట్‌లు అడిగితే అక్కడే తీసేయండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలూ ఒక్క మాటగా చెప్పారు. ఆ కేసు వేసిన పుట్టస్వామి గారు రిటైరైన హైకోర్టు జడ్జి. 2012లో కోర్టుకెళ్లేనాటికి ఆయన వయసు 86. తర్వాత 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబర్లో నియమాలొచ్చాయి. మన వివరాలు తీసుకునేటప్పుడు ఇచ్చే నోటీసు తెలుగులో కావాలని అడిగే హక్కు అందులో ఉంది. అది నాకు చాలా నచ్చింది, షాపులో అందరికీ చెప్తున్నాను. నచ్చనిదీ ఉంది. అదే చట్టంతో సమాచార హక్కు చట్టంలో 8(1)(జె)ని మార్చారు. వ్యక్తిగత సమాచారమైనా ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వొచ్చన్న మాట అక్కణ్నుంచి తీసేశారు. ఆ వీలు వేరే సెక్షన్లో ఉందని ప్రభుత్వం అంటోంది. నాకు నమ్మకం కుదరడం లేదు. తూము తలుపుని గంగాళం మూత అని చెప్పి మూసినట్టుంది.

షాపులో నేను చేసింది చెప్తాను. రెండు కంప్యూటర్లు లినక్స్‌కి మార్చాను, టైపింగ్ అంతా యూనికోడ్‌లోకి తెచ్చాను. మూడోదానికి విండోస్ ఉంచక తప్పలేదు, వేలిముద్ర మిషన్ లినక్స్‌లో పనిచేయలేదు. మొదటి నెల బేరాలు తగ్గాయి, టెన్షన్ పడ్డాను, తర్వాత సర్దుకుంది. ఆధార్ అడిగినచోట చివరి నాలుగంకెలే కనపడే మాస్క్‌డ్ ఆధార్ సరిపోతుందేమో ముందు కనుక్కుని అదే తీసిస్తున్నాను. పెద్దవాళ్లకి ఆధార్ వేలిముద్రలు ఇంకెవరూ వాడకుండా బయోమెట్రిక్ లాక్ పెట్టి, ఎలా తీయాలో కాగితం మీద రాసిస్తున్నాను. ప్రింటు అయిన ఫైలు మనిషి ఎదురుగానే తీసేస్తాను. మొన్న డిగ్రీ చదివే ఒక అమ్మాయి స్క్రీన్ వైపు వంగి చూసి, "రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి అంకుల్" అంది. ఆ మాటకి నాకెంత సంతోషమేసిందో!

ఈ గ్రంథాలయంలో పుస్తకాలన్నీ తెరిచి ఉంటాయి, ఎవరైనా తీసి చదవొచ్చు. ఎవరు ఏ పుస్తకం పట్టుకెళ్లారన్న రిజిస్టరు మాత్రం మేడమ్ గారి బల్ల సొరుగులో ఉంటుంది. గ్రంథాలయ పితామహుడు అయ్యంకి వెంకటరమణయ్య గారు పుట్టింది గోదారి అవతల కొంకుదురులో. ఆయన తరం వాళ్లు ఊరూరా తిరిగి ఇలాంటి చోట్లు కట్టించారు.

వరండాలో లినక్స్ ఉన్న కంప్యూటర్లు రెండూ తెచ్చి పెట్టాను. ఫోన్లో ఏ యాప్ ఏం చూస్తోందో తెలుసుకోవాలంటే రండి, సెట్టింగ్స్ ఒక్కొక్కటీ కలిసి చూద్దాం. పాత ఫాంట్లలో ఇరుక్కుపోయిన ఫైళ్లు ఎవరి దగ్గరైనా ఉంటే, మీ నాన్నగారి పద్యాలైనా సరే, ఊరి చరిత్రైనా సరే, పెన్ డ్రైవ్‌లో తెండి. యూనికోడ్‌లోకి మార్చడం మొదలుపెడదాం. రాత్రి తొమ్మిదింటి దాకా ఇక్కడే ఉంటాను.