పక్కన ఫ్రెండు ఉన్నప్పుడు

శ్రోతలందరికీ నమస్కారం.

ముందుగా ఒక వీడియో గేమ్ గురించి చెబుతాను. తెర మీద కారు పోతూ ఉంటుంది. సిగ్నల్ పసుపు రంగులోకి మారుతుంది. ఆపవచ్చు, ఆపకపోనూవచ్చు. ఎంత ముందుకు పోతే అన్ని పాయింట్లు. ఆశపడి ఆలస్యం చేస్తే మాత్రం కారు గోడకు గుద్దుకుంటుంది.

అమెరికాలో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ ఆటను 306 మంది చేత ఆడించి, 2005లో ఫలితాలు ప్రకటించారు. ఆడినవాళ్లలో 13 నుంచి 16 ఏళ్ల పిల్లలున్నారు, కాలేజీ వయసువాళ్లున్నారు, 24 దాటిన పెద్దలూ ఉన్నారు. కొందరిని ఒంటరిగా కూర్చోబెట్టారు. కొందరి పక్కన వాళ్ల ఈడువాళ్లే ఇద్దరిని ఉంచారు. పక్కన తోటివాళ్లుంటే పిల్లలు బాగా తెగించారు. పెద్దల మీద మాత్రం ఆ ప్రభావం దాదాపు కనిపించలేదు.

పిల్లలకు ప్రమాదం తెలియదని మనం అనుకుంటాం. అందుకే కూర్చోబెట్టి క్లాసు పీకుతాం. నిజానికి వాళ్లకు చాలావరకు తెలుసు. తెలిసింది ఆ క్షణంలో అక్కరకు రాదు, అంతే. ముందూ వెనకా ఆలోచించి ఆగమని చెప్పే మెదడు భాగం పూర్తిగా ఎదగడానికి 25 ఏళ్ల దాకా పడుతుంది. ఉత్సాహానికీ మెప్పుకీ ఉబ్బిపోయే భాగం అంతకంటే చాలా ముందే చురుకవుతుంది.

మరి ఆ క్షణాన్నే ముందుగా సాధన చేయిస్తే? యేల్ విశ్వవిద్యాలయంలో లిన్ ఫీలిన్ బృందం ఈ ఆలోచనతోనే ‘ప్లే ఫార్వర్డ్’ అనే గేమ్ తయారుచేసింది. ఆడేవాళ్లు ఒక పాత్రను సృష్టించుకుని, ఆ పాత్రతో జీవితంలో ముందుకు పోతారు. దారిలో ఒత్తిళ్లు వస్తాయి, ఏదో ఒకటి తేల్చుకోవాలి. చివరికి ఆ జీవితం ఎలా తయారైందో చూసి, వెనక్కి వెళ్లి నిర్ణయం మార్చుకోవచ్చు. బయట దొరకని అవకాశం ఇదే కదా!

11 నుంచి 14 ఏళ్ల పిల్లలు 333 మందిని తీసుకుని సగం మందికి ఈ గేమ్, మిగతా సగానికి మామూలు గేమ్‌లు ఇచ్చారు. ఫలితాలు 2017లో వచ్చాయి. లైంగిక ఆరోగ్యం గురించిన అవగాహన, ఆలోచనా తీరు మెరుగయ్యాయి. ఏడాది తర్వాత కూడా ఆ తేడా నిలిచింది. కానీ శారీరక సంబంధాలు మొదలుపెట్టే విషయంలో రెండు జట్లకూ తేడా కనిపించలేదు. ఈ సంగతి దాచకుండా రాశారు, అది నాకు నచ్చింది.

అలాగని గేమ్‌లు ప్రవర్తనను మార్చలేవని కాదు. 2008లో ‘రీ-మిషన్’ అనే ఆట మీద ఒక అధ్యయనం వచ్చింది. క్యాన్సర్‌తో ఉన్న 375 మంది కుర్రకారు అందులో పాల్గొన్నారు. ఒంట్లోకి దూరిన చిన్న రోబో క్యాన్సర్ కణాలను పేల్చే ఆట అది. ఆడినవాళ్లు మందులు క్రమం తప్పకుండా వేసుకోవడం పెరిగింది. అక్కడ పని చేసింది, ఇక్కడ ఎందుకు ఆగిపోయింది? నాకు తోచింది చెబుతాను. మాత్ర వేసుకునేటప్పుడు పక్కన నిలబడి “వదిలెయ్‌రా, ఏం కాదు” అనే ఫ్రెండు ఉండడు.

మా అక్క కొడుకుకు 14 ఏళ్లు. ఇలాంటి గేమ్ ఒకటి ట్యాబ్‌లో పెట్టిస్తే, పది నిమిషాల్లో అన్నిచోట్లా మంచి జవాబులే నొక్కేసి “అయిపోయింది పిన్నీ” అన్నాడు. పరీక్ష రాసినట్టు! మర్నాడు వాడి ఫ్రెండ్స్ ఇద్దరు వచ్చారు. మళ్లీ అదే ఆట. తాగి ఉన్న సీనియర్ బైక్ ఎక్కమంటాడు. మావాడి వేలు ‘ఎక్కను’ మీదే ఉంది. నొక్కబోయి, ఆగి, పక్కవాడి మొహం చూశాడు. వాడు నవ్వుతున్నాడు. మావాడు ఎక్కేశాడు.

యాక్సిడెంట్ అయింది. వెనక్కి వెళ్లి ఈసారి ‘ఎక్కను’ నొక్కారు. తెర మీద సీనియర్ “సరే” అని వెళ్లిపోయాడు. ముగ్గురూ పకపకా నవ్వారు. “నిజంగా అయితే అలా పోతాడా? భయమా అంటాడు, అందరికీ చెప్తాడు” అన్నాడు ఒకడు. “బైక్ తాళం లాక్కుంటా” అన్నాడు ఇంకొకడు. మావాడు కాసేపు ఆలోచించి, “అమ్మ బయల్దేరింది, ఇక్కడే ఉండమంది అని చెప్తా” అన్నాడు. అది పనిచేస్తుందా లేదా అని వాళ్లలో వాళ్లకే వాదన. ఒకడు సీనియర్ అయ్యాడు, మావాడు తప్పించుకోవాలి. మూడుసార్లు దొరికిపోయాడు.

నేను గుమ్మంలోనే నిలబడ్డాను. “ఏం నేర్చుకున్నార్రా?” అని అడగబోయి నోరు మూసుకున్నాను. ట్యాబ్ చార్జింగ్ అయిపోయి ఆరిపోయింది. ముగ్గురిలో ఒక్కడూ గమనించలేదు.

సెలవు.