స్పోర్ట్స్ కారుకి హాలోజెనా, హెచ్‌ఐడీనా? బల్బు కొనేముందు ఇది చూడండి

హలో అండీ, నమస్తే. బెంగళూరు నుంచి మాట్లాడుతున్నా. ఇవాళ హెడ్‌లైట్లు, అంటే మామూలు హాలోజెన్ బల్బా, హెచ్‌ఐడీ అనే జెనాన్ బల్బా అని. నాకు వచ్చే మెసేజ్‌ల్లో ఎక్కువ ఇదే ఉంటుంది. "అన్నా, సెకండ్ హ్యాండ్‌లో స్పోర్ట్స్ కారు తీసుకున్నా, రాత్రిపూట సరిగ్గా కనపడట్లేదు, హాలోజెన్ పీకేసి హెచ్‌ఐడీ వేయించనా?" అని. శుక్రవారం ఆఫీసు అయిపోగానే అనంతపురం, కర్నూలు వైపు బయల్దేరేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు కదా. చిక్కబళ్లాపుర, బాగేపల్లి దాటి ఊరి లైట్లు వెనకబడ్డాక మీ హెడ్‌లైటే మీకు దిక్కు. కాబట్టి ఇది అందం కోసం అడిగే ప్రశ్న కాదు, నేను కూడా అలా చూడను.

ముందే చెప్పేస్తా. బల్బుని చూసి నిర్ణయం తీసుకోకండి. ఆ బల్బు కూర్చునే హెడ్‌లైట్ దేనికోసం తయారైందో చూసి తీసుకోండి. ఎందుకో చూపిస్తా. బావా, కెమెరా కొంచెం టేబుల్ మీదకి తిప్పు.

ఇదిగో, ఇది హాలోజెన్ బల్బు, హెచ్7. 55 వాట్లు, దాదాపు 1500 ల్యూమెన్ల కాంతి. లోపల సన్నటి స్ప్రింగ్‌లా కనపడుతోంది చూడండి, అది టంగ్‌స్టన్ ఫిలమెంట్. ఇది హెచ్‌ఐడీ, అంటే జెనాన్, డి2ఎస్. 35 వాట్లే, కానీ 3200 ల్యూమెన్లు. కరెంటు తక్కువ, వెలుగు రెట్టింపు. ఇందులో ఫిలమెంట్ లేదు. రెండు ఎలక్ట్రోడ్ల మధ్య మెరుపు నిలబడుతుంది. ఆ మెరుపు పుట్టడానికి మొదట 20 వేల వోల్టులకి పైగా కావాలి, అది ఇచ్చేది ఈ బలాస్ట్, ఇగ్నైటర్. అందుకే హెచ్‌ఐడీ ఉన్న కారులో లైటు స్విచ్ ఆన్‌లో ఉండగా చెయ్యి పెట్టొద్దు. స్విచ్ ఆపండి, తాళంచెవి బయటికి తీయండి, కాసేపు ఆగండి, అప్పుడు ముట్టుకోండి. మొదటిసారి ప్రొడక్షన్ కారులో ఇది వచ్చింది 1991లో, బీఎండబ్ల్యూ 7 సిరీస్‌లో.

ఇప్పుడు అసలు తేడా. ఫిలమెంట్ ఎక్కడ ఉందో, ఎంత పొడవుందో మిల్లీమీటర్లలో లెక్కేసుకుని, బల్బు వెలుగుని రోడ్డు మీదకి తిప్పే ఈ రిఫ్లెక్టర్ వంపులు చేస్తారు. ఇక్కడ వేలు పెట్టి చూపిస్తున్నా చూడండి, ఈ పై భాగం నుంచి వచ్చే వెలుగు ఒకచోటికి, ఈ పక్క భాగం నుంచి వచ్చేది ఇంకోచోటికి వెళ్తుంది. దీంట్లో హెచ్7 సైజులో దొరికే హెచ్‌ఐడీ కిట్ పెడితే ఏమవుతుంది? మెరుపు ఆకారం వేరు. రెండు చివర్ల దగ్గర ఎక్కువగా మెరుస్తుంది, మధ్యలో కొంచెం పైకి వంగుతుంది. రిఫ్లెక్టర్ లెక్క మొత్తం తప్పుతుంది. కారు ముందు పది అడుగులు తెల్లగా వెలిగిపోతుంది, "అబ్బా, ఎంత వెలుగో" అనిపిస్తుంది. దూరంలో ఉన్న గుంత మాత్రం కనపడదు. దగ్గర్లో మరీ వెలుగైతే మన కన్ను దానికే అలవాటు పడి, దూరంగా ఉన్న చీకటిని పట్టుకోలేదు. ఇక మిగిలిన వెలుగంతా ఎదురుబండి వాడి కళ్లలోకి. కాబట్టి హాలోజెన్ రిఫ్లెక్టర్‌లో హెచ్‌ఐడీ కిట్ వద్దు. జేసీ రోడ్డులో అరగంటలో బిగించేస్తారు, నాకు తెలుసు. అయినా వద్దు. పైగా కారుని కంపెనీ స్పెసిఫికేషన్‌కి తేడాగా మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కిందకి వస్తుంది. 2024లో కర్ణాటక పోలీసులు కళ్లు చెదిరే లైట్ల మీద ప్రత్యేకంగా కేసులు పెట్టడం కూడా మొదలుపెట్టారు.

కంపెనీ నుంచే హెచ్‌ఐడీతో వచ్చిన కారైతే? హాయిగా ఉంచుకోండి. బల్బు మీద కోడ్ చూడండి, డి1ఎస్, డి2ఎస్, డి3ఎస్ అని ఉంటుంది. ఏది ఉంటే అదే కొనాలి. డి1, డి3 చూడ్డానికి దగ్గరగానే ఉంటాయి, కానీ ఒకటి 85 వోల్టులు, ఇంకోటి 42. రంగు గులాబీ, ఊదా వైపు తిరుగుతోందంటే బల్బు ముసలిదైంది. రెండు పక్కలా ఒకేసారి మార్చండి. వెలుగు రంగుని కెల్విన్‌లలో చెప్తారు, 4300 కెల్విన్ దగ్గరే ఉండండి. 6000, 8000 అంటూ నీలం వైపు వెళ్లేకొద్దీ వెలుగు తగ్గుతుంది, మన బెంగళూరు వానలో తడి రోడ్డు మీద ఏమీ ఆనదు.

సరే, ఇప్పుడు ఈ కారు. రెండు డోర్లు, హాలోజెన్‌తో వచ్చింది, లో బీమ్ హెచ్7. చాలా మోడళ్లకి పద్ధతి ఇదే. బానెట్ తెరిచా, వెనక క్యాప్ తిప్పా, వచ్చేసింది. హెడ్‌లైట్ పైన ఉండే అద్దం పసుపుపచ్చగా మారితే 1000, 2000, 3000 నంబర్ల వాటర్ పేపర్, తర్వాత పాలిష్, ఆ పైన యూవీ కోటింగ్. ఇది అందరూ చూపిస్తారు, నేను ముందుకెళ్తున్నా.

ఇక్కడ ఆగండి. ఈ స్టెప్ దగ్గర నేను కూడా చాలాసేపు తల పట్టుకున్నా, అందుకే నిదానంగా చూపిస్తా. బల్బు దగ్గరికి ఎన్ని వోల్టులు వస్తున్నాయి? అందరూ ఏం చేస్తారంటే, కనెక్టర్ పీకి, అందులో మల్టీమీటర్ ప్రోబ్‌లు పెట్టి చూస్తారు. ఇదిగో, నేనూ పెడుతున్నా. ఇంజిన్ ఆన్‌లో ఉంది. 14.1. బ్యాటరీ దగ్గర? అక్కడా 14.1. "వైరింగ్ బ్రహ్మాండం" అనుకుంటారు. కాదు! బల్బు వెలగట్లేదు, కరెంటు పారట్లేదు. కరెంటు పారకపోతే తుప్పు పట్టిన వైరు కూడా పూర్తి వోల్టేజీ చూపిస్తుంది. కనెక్టర్ మళ్లీ బల్బుకి పెట్టండి. లైటు వెయ్యండి. బల్బు వెలుగుతుండగా, కనెక్టర్ వెనక వైపు నుంచి, వైరు లోపలికి దూరే సందులోంచి సన్నటి పిన్ను దూర్చండి. బావా, దగ్గరికి, ఇంకా దగ్గరికి. చూశారా? 12.5. బ్యాటరీ దగ్గర 14.1, బల్బు దగ్గర 12.5. దారిలో 1.6 వోల్టులు పోయాయి.

ఇది ఎందుకంత పెద్ద విషయం? హాలోజెన్ వెలుగు వోల్టేజీతో సమానంగా తగ్గదు, దానికంటే చాలా ఎక్కువగా పడిపోతుంది. వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుగు 30 శాతం దాకా పోతుంది. హెచ్‌ఐడీలో బలాస్ట్ దాన్ని సర్దుకుంటుంది, హాలోజెన్‌కి ఆ సౌకర్యం లేదు. "హాలోజెన్ డల్‌గా ఉంది" అని కిట్ కొనేవాళ్లలో చాలామంది అసలు తమ హాలోజెన్ పూర్తి వెలుగు ఎప్పుడూ చూడనే లేదు. నాకు బాధగా ఉండేది అదే.

ఎక్కడ పోతోందో పట్టుకుందాం. లైటు వెలుగుతూనే ఉండాలి, మర్చిపోకండి. ఒక ప్రోబ్ బ్యాటరీ నెగటివ్ మీద, ఇంకోటి బల్బు ఎర్త్ వైరు మీద. సున్నాకి దగ్గరగా రావాలి. ఇక్కడ 0.7 వచ్చింది. దొరికింది. ఎర్త్ వైరు ఈ బోల్టు దగ్గర బాడీకి తగులుకుంది, చూడండి, పచ్చగా, తెల్లగా పొడి పట్టింది. బోల్టు విప్పా, సాండ్ పేపర్‌తో మెటల్ మెరిసేదాకా రుద్దా, బిగించా. మళ్లీ కొలుద్దాం. 13.1. బల్బు మార్చలేదు, ఏమీ కొనలేదు, వెలుగు దాదాపు 17 శాతం పెరిగింది. ఇంకా మిగిలింది పాజిటివ్ వైపు, దానికి రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్, పెట్టి బ్యాటరీ నుంచి లావు వైరు లాగొచ్చు. కానీ కొత్త జర్మన్ కార్లలో జాగ్రత్త, అక్కడ చాలావాటిలో లైటుకి కరెంటు ఒక మాడ్యూల్ పల్స్‌లుగా ఇస్తుంది. మామూలు మీటరు తప్పు చూపించొచ్చు, పల్స్‌లని కూడా సరిగ్గా కొలిచే ట్రూ ఆర్‌ఎంఎస్ మీటరు కావాలి. రిలే పెడితే డ్యాష్‌బోర్డులో బల్బు ఎర్రర్ వస్తుంది.

పాత పోర్షే బాక్స్‌స్టర్, 911 ఉన్నవాళ్లకి ఒక మాట. 986, 996, 987, 997 అనే కోడ్‌లున్న మోడళ్లలో లైటు మొత్తం ముందుకి జారి బయటకొస్తుంది, కనెక్టర్ దానంతట అదే ఊడిపోతుంది. తీయడానికి చాలా సుఖం, నాకు ఆ డిజైన్ అంటే ఎంతో ఇష్టం. కానీ లైటు చేతిలో ఉండగా ఈ కొలత కుదరదు, ముందు కారు వైపు ఎర్త్ పాయింట్లు చూసుకోండి.

బల్బు ఏది కొనాలి? మంచి కంపెనీది, గాజుకి నీలం పూత లేనిది. పెట్టె మీద "130 శాతం ఎక్కువ" అని ఉంటే మొత్తం వెలుగు రెండింతలు అనుకోకండి. హెచ్7 అంటే 1500 ల్యూమెన్లు, పది శాతం అటూ ఇటూ, రూల్ అదే. ఫిలమెంట్ చిన్నగా, బిగుతుగా చుట్టి, రోడ్డు మీద ఒక భాగంలో వెలుగు పెంచుతారు. పనికొస్తుంది, కానీ తొందరగా పోతుంది. 100 వాట్ల బల్బులు అసలే వద్దు, హోల్డర్ కరిగిపోతుంది. గాజు చేత్తో ముట్టుకోకండి, ముట్టుకుంటే స్పిరిట్‌తో తుడవండి.

ఇప్పుడు లైటు ఎత్తు సరిచేద్దాం, దానికి గోడ కావాలి. టైర్ గాలి సరిగ్గా ఉండాలి, డ్రైవర్ సీట్లో మనిషి కూర్చోవాలి. బావా, కెమెరా స్టాండ్ మీద పెట్టి నువ్వు కూర్చో. లైటు మధ్యభాగం నేల నుంచి 62 సెంటీమీటర్లు. గోడకి 10 మీటర్ల దూరంలో కారు. గోడ మీద 62 దగ్గర ఒక టేపు, దానికి 10 సెంటీమీటర్లు కింద ఇంకోటి. గోడ మీద వెలుగు ఆగిపోయే పై అంచు, అంటే కటాఫ్ గీత, కింది టేపు మీద కూర్చోవాలి. స్క్రూ ఇక్కడ, తిప్పండి, కూర్చుంది.

ఈ లెక్క ఒక్కసారి చూడండి. 10 మీటర్లకి 10 సెంటీమీటర్లు దిగితే, 62 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వచ్చే గీత 62 మీటర్ల దగ్గర రోడ్డుని తాకుతుంది. 100 కిలోమీటర్ల స్పీడులో అది రెండు సెకన్ల పైచిలుకు. హెచ్‌ఐడీ పెట్టినా ఆ 62 మీటర్లు పెరగవు! పక్కలు బాగా కనపడతాయి, గీత కింద వెలుగు పెరుగుతుంది, అంతే. ఎస్‌యూవీలో లైటు ఎత్తుగా ఉంటుంది, మనది కిందుంటుంది. లోయరింగ్ స్ప్రింగులు వేయిస్తే ఇంకా కిందికి వస్తుంది. స్పోర్ట్స్ కారులో లో బీమ్ మీద నమ్మకంతో స్పీడు పెంచకండి. రోడ్డు ఖాళీగా ఉంటే హై బీమ్ వాడండి, ఎదురుబండి రాగానే దించండి.

ఇంత చేశాక కూడా హెచ్‌ఐడీ కావాలంటే, అదే మోడల్‌కి కంపెనీ ఇచ్చిన హెచ్‌ఐడీ హెడ్‌లైట్ మొత్తం తెచ్చుకోండి, బలాస్ట్, ఆటో లెవెలింగ్ సెన్సార్లతో సహా. పెట్టించే ముందు ఆర్టీవోలో కనుక్కోండి. యూరప్‌లో లో బీమ్ 2000 ల్యూమెన్లు దాటితే ఆటో లెవెలింగ్, వాషర్ తప్పనిసరి చేశారు, ఊరికే కాదు. వెనక సీట్లో ఇద్దరు కూర్చుంటే కారు ముక్కు, దాంతో లైటు పైకి లేస్తుంది కదా, ఆటో లెవెలింగ్ దాన్ని మళ్లీ కిందికి దించుతుంది. ఆన్‌లైన్‌లో బయటి దేశం నుంచి కొంటుంటే ఇది బాగా గమనించండి. గోడ మీద ఈ కటాఫ్ గీత ఎడమ పక్క పైకి లేచింది చూడండి. మనం ఎడమ పక్క నడుపుతాం కాబట్టి ఫుట్‌పాత్ వైపు లేవాలి. జర్మనీ కారు లైటు తెస్తే అది కుడి పక్క లేస్తుంది, నేరుగా ఎదురుబండి అద్దంలోకి. ఇంగ్లండ్, జపాన్, ఆస్ట్రేలియా కార్ల నుంచి తీసినవి చూడండి.

వెనక క్యాప్ గట్టిగా తిప్పి పెట్టండి, రబ్బరు మడతపడితే తొలి వానకే లోపల ఆవిరి పడుతుంది. మీ కారు మోడల్, బల్బు కోడ్, లైటు వెలుగుతుండగా వచ్చిన వోల్టేజీ, ఈ మూడూ కామెంట్‌లో రాయండి. వోల్టేజీ రాసినవాళ్లకి ముందు జవాబిస్తా.