ఎడిన్‌బరోలో రెండు రాత్రులు: బస ఎక్కడ, పబ్బు ఏది? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

వ్యాఖ్యాత: నమస్కారం. రెండు మూడు రోజుల కోసం స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరో వెళ్లేవారు బసను, పబ్బులను ఎలా ఎంచుకోవాలో ఈ రోజు తెలుసుకుందాం. మొదటి శ్రోత న్యూకాజిల్ నుంచి మాట్లాడుతున్నారు.

శ్రోత: నమస్కారమమ్మా. నేను గుంటూరు జిల్లాలో లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు మా అమ్మాయి దగ్గర ఉంటున్నాము. మేమిద్దరం, అమ్మాయి, అల్లుడు, ఆరేళ్ల మనవడు కలిసి శుక్రవారం వెళ్లి ఆదివారం తిరిగి రావాలనుకుంటున్నాము. గ్రాస్‌మార్కెట్‌లో మూడో అంతస్తు ఫ్లాట్ ఒకటి అమ్మాయికి బాగా నచ్చింది. కిటికీలోంచి కోట కనిపిస్తుందట. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. నేను మద్యం ముట్టను, అయినా పాత పబ్బులో కూర్చుని అక్కడి సంగీతం వినాలని ఎంతో కోరిక. ఆ ఫ్లాట్ తీసుకోవచ్చా?

సలహాదారు: నమస్కారం మాస్టారూ. డబ్బు కట్టే ముందు రెండు సంగతులు తప్పక అడగండి: లిఫ్ట్ ఉందా, కిటికీ కింద ఏముంది? గ్రాస్‌మార్కెట్ ఉన్న ఓల్డ్ టౌన్‌లో, అంటే నగరం పాత భాగంలో, రాతి భవనాల్లో చాలావాటికి లిఫ్ట్ ఉండదు. ఇక గ్రాస్‌మార్కెట్‌లో వరుసగా పబ్బులే ఉంటాయి. శుక్ర, శనివారాల్లో పెళ్లికి ముందు స్నేహితులతో సరదాగా గడపడానికి వచ్చే గుంపులు అక్కడే చేరుతాయి కాబట్టి అర్ధరాత్రి దాటినా కేకలు తగ్గవు. ఆరేళ్ల పిల్లవాడు నిద్రపోవలసిన చోటు అది కాదు.

శ్రోత: నిజమేననుకోండి. కాని మ్యాపులో చూస్తే అన్నీ పక్కపక్కనే ఉన్నాయి కదా?

సలహాదారు: ఆ ఊరి విషయంలో మ్యాపును నమ్మి మోసపోకండి మాస్టారూ. అది దూరం చెబుతుంది, ఎత్తు చెప్పదు. కౌగేట్ అనే వీధి లోయలో ఉంటే, జార్జ్ ది ఫోర్త్ బ్రిడ్జి దాని నెత్తిమీదుగా పోతుంది. మ్యాపులో ఆ రెండూ కలిసే కూడలిలా కనిపించే చోట నిజానికి ఒకదాని నుంచి మరొకదానికి వెళ్లాలంటే మెట్లో ఏటవాలు వీధో ఎక్కాలి. గ్రాస్‌మార్కెట్ కూడా ఆ పల్లంలోనే ఉంది కాబట్టి, కోట వైపు గాని కోట నుంచి కిందికి సాగే రాయల్ మైల్ అనే ప్రధాన వీధి వైపు గాని బయలుదేరిన ప్రతిసారీ అమ్మగారు ఎత్తు ఎక్కవలసి వస్తుంది. నగరానికి దక్షిణాన ఉన్న న్యూయింగ్టన్ అనే పేటలో మింటో స్ట్రీట్ చుట్టుపక్కల గెస్ట్‌హౌస్‌లు ఉన్నాయి, అక్కడి నుంచి నగరం మధ్యకు నేరుగా బస్సులు ఉన్నాయి. కింది అంతస్తు గది కావాలని ముందే అడిగి తీసుకోండి.

శ్రోత: అయితే ఆ ఫ్లాట్ వద్దంటారా? అమ్మాయి ఈ రాత్రే డబ్బు కట్టేద్దామంటోంది.

సలహాదారు: వద్దనే చెబుతున్నాను మాస్టారూ. లిఫ్ట్ ఉందో లేదో తెలియని మూడో అంతస్తు, కింద పబ్బుల గోల, పైన మోకాళ్ల నొప్పి, ఈ మూడూ కలిస్తే ఆ రెండు రాత్రులూ వృథా అవుతాయి. ఎక్కడ ఫ్లాట్ తీసుకున్నా ప్రకటనలో లైసెన్సు నంబరు ఉందో లేదో అమ్మాయిని చూడమనండి, స్కాట్లాండ్‌లో అది తప్పనిసరి. 2026 జూలై 24 నుంచి చేసే బసకు, గది అద్దెపై ఎడిన్‌బరో నగరపాలిక 5 శాతం సందర్శకుల రుసుము వసూలు చేస్తుంది. వరుసగా ఉండే మొదటి ఐదు రాత్రులకే అది వర్తిస్తుంది. దాన్ని కూడా లెక్కలో వేసుకోండి.

శ్రోత: మరి సంగీతం? తాగనివాణ్ణి బయటకు పొమ్మంటారా?

సలహాదారు: ఎవరూ పొమ్మనరు. నిమ్మ పానీయమో, ఆల్కహాల్ లేని బీరో కొనుక్కుని హాయిగా కూర్చోవచ్చు. బల్ల దగ్గరికి ఎవరో వస్తారని ఎదురుచూడకుండా కౌంటరు దగ్గరికి వెళ్లి అడిగి, అక్కడే డబ్బు ఇవ్వాలి. ఫారెస్ట్ రోడ్డులోని శాండీ బెల్స్ అనే పబ్బులో వాద్యకారులు బల్ల చుట్టూ కూర్చుని ఫిడేలు మీద జానపద బాణీలు వాయిస్తారు, వేదిక ఉండదు, టికెట్ ఉండదు. అది చిన్న పబ్బు, త్వరగా నిండిపోతుంది. అక్కడికి మీరు, అల్లుడుగారు వెళ్లండి. పిల్లవాడితో కలిసి వెళ్లాలంటే నగరంలోనే డడింగ్‌స్టన్ అనే పేటలోని షీప్ హీడ్ ఇన్ అనే పబ్బు మేలు. 1360 నుంచి అక్కడ సత్రం ఉందని చెప్పుకుంటారు. పిల్లలను ఏ వేళ వరకు రానిస్తారో లైసెన్సును బట్టి పబ్బుకొక నియమం ఉంటుంది, ఫోన్ చేసి కనుక్కోండి. మనలాగా తొమ్మిది దాటాక భోజనానికి వెళితే మాత్రం ఆకలితో తిరిగి రావలసిందే, ఎందుకంటే పబ్బులో వంటగదిని బారు కంటే ముందే మూసేస్తారు.

శ్రోత: మా ఆవిడ శాకాహారి అమ్మా…

సలహాదారు: హాగిస్ అంటే గొర్రె లోపలి అవయవాలతో చేసే స్కాట్లాండ్ వంటకం, దాని శాకాహార రూపం చాలా చోట్ల దొరుకుతుంది. వేపుళ్లకు నూనె బదులు జంతువుల కొవ్వు వాడతారేమో అడగండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు మాస్టారూ. తర్వాత గ్లాస్గో నుంచి ఒక విద్యార్థి.

శ్రోత: నమస్తే మేడం. ఆగస్టులో నలుగురం వెళ్దామనుకుంటున్నాం, చవకైన హాస్టల్ ఎక్కడ దొరుకుతుంది?

సలహాదారు: ఆగస్టు అంటే ఉత్సవాల నెల బాబూ, చవక అనే మాటే ఉండదు. గ్లాస్గో నుంచి రైలు గంటలోపే చేరుతుంది కాబట్టి పగలు చూసుకుని చివరి రైలుకు వెనక్కి వెళ్లండి. పబ్బులో వయసు అడిగితే ఫోన్‌లోని ఫొటో చాలదు, పాస్‌పోర్టు దగ్గర ఉంచుకోండి.

వ్యాఖ్యాత: తర్వాతి శ్రోత మాంచెస్టర్ నుంచి.

శ్రోత: మేము కారులో వెళ్తున్నామండీ. ఒక బీరు తాగి నడపవచ్చా?

సలహాదారు: ఒక్కటీ వద్దు. ఇంగ్లండ్‌లో 100 మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాముల వరకు పరిమితి ఉంటే, స్కాట్లాండ్‌లో 2014 డిసెంబరు నుంచి 50 మిల్లీగ్రాములే. రాత్రి తాగింది మరునాడు ఉదయం కూడా రక్తంలో మిగిలి ఉండవచ్చు. కారును బస దగ్గరే వదిలేయండి.

వ్యాఖ్యాత: చివరి కాల్ హైదరాబాద్ నుంచి. కొంచెం త్వరగా అడగండి.

శ్రోత: మేము విమానంలో దిగుతున్నామండీ, సామాను ఎక్కువ. ఓల్డ్ టౌన్ కాకుండా ఇంకెక్కడ ఉండవచ్చు?

సలహాదారు: ట్రామ్ దారి వెంట చూడండి. విమానాశ్రయం నుంచి నగరంలోని హేమార్కెట్ మీదుగా వెళ్లే ట్రామ్‌ను 2023 జూన్‌లో లీత్ అనే రేవు ప్రాంతం మీదుగా న్యూహేవెన్ దాకా పొడిగించారు. లీత్‌లో షోర్ అనే నీటి ఒడ్డున పబ్బులు ఉన్నాయి, నేల కూడా చదునుగా ఉంటుంది. అక్కడైనా సరే, లిఫ్ట్ ఉందా, కిటికీ కింద ఏముంది, ఈ రెండూ అడిగాకే డబ్బు కట్టండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు మేడం. ఈ రోజుకు సమయం అయిపోయింది, సెలవు.