యానాం: మీసాల వెంకన్న, చెళ్లపిళ్ల వారి పట్టుదల

(తెరపై: ఎదుర్లంక వంతెన మీంచి గౌతమి, అవతలి ఒడ్డున ఊరు)

నమస్కారమండీ. వంతెన దాటితే యానాం. చుట్టూ గోదావరి సీమే, మాటా ఆ యాసే, పరిపాలన మాత్రం పుదుచ్చేరిది. ఫ్రెంచివాళ్లు 1723లో వర్తకం కోసం ఇక్కడ దిగారు. మధ్యలో కొన్నిసార్లు ఇంగ్లీషువాళ్ల చేతికి పోయినా, 1954 దాకా ఇది ఫ్రెంచి గడ్డే.

1929లో బాల్యవివాహాలను ఆపడానికి శారదా చట్టం వచ్చింది. బ్రిటిషు చట్టం కాబట్టి యానానికి వర్తించదు. దాంతో చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు పిల్లల్ని ఇక్కడికి తెచ్చి పెళ్లిళ్లు చేసేవారు. ‘కల్యాణపురం’ అన్న పేరు అలా వచ్చింది. వినడానికి ఎంత ముచ్చటగా ఉన్నా, దాని వెనకున్నది ఆ పసివాళ్ల బతుకు.

(తెరపై: వేంకటేశ్వరస్వామి గుడి)

ఇది మీసాల వెంకన్న గుడి. నాకు యానాం అంటే ముందు ఇదే.

కవి చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు 1870లో కడియంలో పుట్టారు. తర్వాత ఆ కుటుంబం యానాంలో స్థిరపడింది. ఇరవై నిండకుండానే ఆయన ఈ స్వామి మీద శతకం చెప్పారు. అందులో వ్యాకరణ దోషాలున్నాయని విమర్శలొచ్చాయి. ఇంకొకరైతే పద్యం జోలికే పోయేవారు కాదేమో. ఈయనకు పౌరుషం వచ్చింది. కాశీకి వెళ్లయినా సరే వ్యాకరణం చదివి తీరాలనుకున్నారు. చర్ల బ్రహ్మయ్యశాస్త్రి గారి దగ్గర చదువుకునేటప్పుడు దివాకర్ల తిరుపతిశాస్త్రి గారు తోడయ్యారు. ఆ జంటే తిరుపతి వేంకట కవులు.

(తెరపై: వేదిక మీద అవధానం)

ఆ పట్టుదల ఎక్కడ అక్కరకొచ్చిందో తెలియాలంటే శతావధానం చూడాలి. ఎదురుగా వందమంది పృచ్ఛకులు, అంటే పద్యం చెప్పమని అడిగేవాళ్లు, ఒక్కొక్కరిదీ ఒక్కో విషయం. మొదటాయనకు ఒక్క పాదమే చెప్పి రెండో ఆయన దగ్గరికి వెళ్లాలి. వందమందికీ మొదటి పాదాలు అయ్యాక మళ్లీ మొదటాయనకు రెండో పాదం. అలా నాలుగు చుట్లు. చివర్లో వంద పద్యాలూ వరసగా అప్పజెప్పాలి, కాగితం ముట్టుకోకూడదు. సభ నిండా పండితులే, ఒక్క సంధి తప్పినా పట్టేస్తారు. యానాంలో పడ్డ ఆ మాటలే ఆయన్ని ఇలాంటి సభలకు తయారు చేశాయని నా నమ్మకం.

పండితులకు మీసాలేమిటని ఎవరైనా అంటే, ఈ జంట పద్యంతోనే సవాలు విసిరింది: సంస్కృతం, తెలుగు రెండింటా మేమే కవీంద్రులమని చాటడానికే పెంచాం, మమ్మల్ని గెలవండి, మీసం తీసి మీ కాళ్లకు మొక్కుతాం! మీసాల వెంకన్న ఊళ్లో పెరిగిన కవికి ఆ మీసం ఎంత చక్కగా అమిరిందో చూడండి.

1949లో మద్రాసు ప్రభుత్వం ఆయన్ని ఆస్థానకవిని చేసింది. మరుసటి ఏడాది శివరాత్రి నాడు కన్నుమూశారు.

యానాం వెళ్తే ఈ గుడికీ వెళ్లండి. వెళ్లేముందు చెళ్లపిళ్ల వారి ‘కథలు గాథలు’ కొంచెమైనా చదవండి. తన చదువులూ సభలూ తగాదాలూ అన్నీ, అరుగు మీద కూర్చుని మనతోనే చెబుతున్నట్టు రాశారు.