ఇస్తాంబుల్ బజారులో కుంకుమపువ్వు కొంటున్నారా?

[దృశ్యం: బెంగళూరులో మా వంటగది. గట్టు మీద గోరువెచ్చని నీళ్లతో రెండు గాజు గ్లాసులు.]

నమస్కారమండీ. ఎడమ గ్లాసులో నాలుగు పోగులు కుంకుమపువ్వు వేస్తున్నాను. కుడి గ్లాసులో వేసేది కూడా కుంకుమపువ్వే అని చెప్పి నాకు అమ్మారు. కాసేపు వీటిని ఇలాగే ఉంచుదాం.

[దృశ్యం: మసాలా బజారు. రాశులు పోసిన మిరపపొడి, ఎండిన గులాబీ మొగ్గలు.]

ఇది ఇస్తాంబుల్‌లోని ఎమినోను ప్రాంతం. ఈ బజారును 1660లలో కట్టారు. పక్కనున్న కొత్త మసీదు ఖర్చులకు అప్పట్లో ఇక్కడి అద్దెలే ఆధారం. ఈజిప్టు నుంచి వచ్చిన పన్నుల డబ్బుతో కట్టారు కాబట్టి అక్కడివాళ్లు దీన్ని ఈజిప్టు బజారు అనే అంటారు. 1455 ప్రాంతంలో మొదలైన గ్రాండ్ బజార్ వేరే. అది ఇంకా పెద్దది, 60కి పైగా వీధులుంటాయి. ఆ గ్రాండ్ బజార్‌ను ఆదివారం మాత్రం మూసేస్తారు, ప్లాన్ చేసుకునేటప్పుడు చూసుకోండి.

[దృశ్యం: బెంగళూరు కె.ఆర్. మార్కెట్ పూల వరస.]

మన కె.ఆర్. మార్కెట్‌లో మల్లెపూలు కొనాలంటే ఏం చేస్తాం? వాసన చూస్తాం, మొగ్గ విడిందా లేదా చూస్తాం, మూర ఎంతో అడుగుతాం, నచ్చకపోతే పక్క బుట్ట దగ్గరికి వెళ్తాం. ఇస్తాంబుల్‌లో నేను ఇవేవీ చేయలేదు. భాష రాదు, వెనక జనం తోసుకుంటున్నారు, ఒకటే టెన్షన్. చవకగా వస్తోంది కదా అని పెద్ద ప్యాకెట్ తీసుకున్నాను.

ఇంటికొచ్చాక మా అత్తయ్య ఆ ప్యాకెట్ విప్పి, చిటికెడు అరచేతిలో వేసుకుని, "ఇది కుసుమ పువ్వు కదమ్మా! అనంతపురంలో మన జొన్నచేను చుట్టూ వేసేవాళ్లం. ముళ్లకు పశువులు లోపలికి రావని" అంది. ఆవిడకు వాసన చూడాల్సిన పని కూడా లేకపోయింది.

[దృశ్యం: తెల్ల కాగితం మీద రెండు పోగులు, బాగా దగ్గరగా.]

దగ్గరగా చూడండి. అసలు కుంకుమపువ్వు పోగు ఒక చివర సన్నగా ఉండి, రెండో చివర సన్నాయి బూరలా విచ్చుకుంటుంది. కుసుమ రేక సన్నటి గొట్టం, చివర అయిదు పాయలుగా చీలి ఉంటుంది. ఒక్కో కుంకుమపువ్వుకు ఉండేవి మూడే పోగులు. గ్రాము కావాలంటే దాదాపు 150 పూలు కోయాలి. మరి అది గుప్పెడు చొప్పున చవకగా ఎలా వస్తుంది?

అందుకే ముందు పోగు చివర చూపించమనండి. "నే కదర్" అంటే ఎంత అని. ఆ ధర గ్రాముకా, కిలోకా అని కూడా అడగండి. వాళ్లు టీ ఇస్తే హాయిగా తాగండి. తాగినంత మాత్రాన కొనాలనేం లేదు.

[దృశ్యం: మళ్లీ రెండు గ్లాసులు.]

పది నిమిషాలైంది. ఎడమ గ్లాసులో నీళ్లు బంగారు రంగుకు తిరిగాయి, పోగులు మాత్రం ఇంకా ఎర్రగానే ఉన్నాయి. వంటగదంతా వాసన. కుడి గ్లాసులోనూ నీళ్లు పచ్చబడ్డాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే మాత్రం ఏ వాసనా లేదు.